పురుగుమందు సీసాపై రంగు త్రికోణం: సవరణకు నోచుకోని వర్గీకరణ

గత రబీలో పల్నాడు ప్రాంతంలోని ఒక గ్రామంలో మిరప రైతులకు జరిగిన శిక్షణలో, వాడి పారవేసిన పురుగుమందు సీసాలు పది పన్నెండింటిని బల్లపై ఉంచి, ప్రమాద తీవ్రతను బట్టి వాటిని వరుసలో పేర్చవలసిందిగా కోరాను. అరవయ్యేళ్ళ రైతు ఒకరు ముందుకు వచ్చి ఏమాత్రం తడబడకుండా వాటిని రంగులవారీగా విడదీశారు. నాకు సంతోషం కలిగింది. ఆయన ఇచ్చిన వివరణతో ఆ సంతోషం కాస్తా తగ్గింది. "ఎర్ర గుర్తుది ఘాటైన మందు సార్. పురుగు మొండికేస్తే అదే కొట్టాలి. పచ్చ గుర్తుది చల్లని మందు, దానికి మూతికి గుడ్డ కట్టుకోనక్కర లేదు" అన్నారు. వెనుక వరుసలోని ఒక యువతి, ఆకుపచ్చ గుర్తు బిస్కెట్ పొట్లాలపై ఉండే శాకాహార చిహ్నం వంటిదని తాను అనుకున్నట్లు చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

ఆ రైతు రంగును సరిగానే గుర్తించారు. ఆ రంగుకు శాస్త్రం ఇచ్చిన అర్థం ఆయనకు చేరలేదు. చేరి ఉన్నా, అది ఆయనకు తెలియవలసిన విషయాలలో ఒక చిన్న భాగం మాత్రమే. మన దేశంలో పురుగుమందుల ప్రమాద వర్గీకరణను, లేబుల్ నియమాలను సమూలంగా సవరించవలసిన అవసరం ఉన్నదని నేను చాలా కాలంగా భావిస్తున్నాను. అయితే ఆ సవరణ విదేశీ విధానాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోవడం కాకూడదని కూడా నా అభిప్రాయం. ఈ రెండింటికీ కారణాలను ఇక్కడ వివరించదలచాను.

ముందుగా ఇప్పుడున్న విధానం. 1958లో కేరళలో, ఓడలో పారాథియాన్‌తో కలుషితమైన గోధుమపిండి తిని వందమందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటనపై జరిగిన విచారణ ఫలితంగానే 1968 కీటకనాశనుల చట్టం, దానికి అనుబంధంగా 1971 నియమావళి రూపొందాయి. ఆ నియమావళిలోని 19వ నియమం ప్రకారం ప్రతి లేబుల్‌పై, మూలపై నిలబెట్టిన చతురస్రం ఒకటి, లేబుల్ ముఖభాగంలో పదహారవ వంతుకు తగ్గకుండా ఉండాలి. దాని పై త్రికోణంలో హెచ్చరిక పదం, కింది త్రికోణంలో రంగు ఉంటాయి. రంగును నిర్ణయించేది ఎల్.డి. 50, అనగా పరీక్షకు తీసుకున్న జంతువులలో సగం మరణించే మోతాదు. నోటి ద్వారా కిలో శరీర బరువుకు 1 నుండి 50 మిల్లీగ్రాములైతే ఎరుపు, 51 నుండి 500 వరకు పసుపు, 501 నుండి 5000 వరకు నీలం, అంతకు మించితే ఆకుపచ్చ. చర్మం ద్వారా కలిగే విషప్రభావానికి వేరే హద్దులు ఉన్నాయి. ఎరుపు త్రికోణంపై పుర్రె గుర్తు, 'విషం' అనే పదం ఉంటాయి. పసుపుపై పుర్రె ఉండదు, 'విషం' ఉంటుంది. నీలంపై 'ప్రమాదం', ఆకుపచ్చపై 'జాగ్రత్త'.

1971 నాటికి ఇది మంచి విధానం. చదువురాని వారికి సైతం అర్థం కావాలన్న తలంపు అందులో ఉన్నది. నాటి మార్కెట్టులో ఆర్గానోఫాస్ఫరస్, ఆర్గానోక్లోరిన్ మందులదే ఆధిపత్యం కనుక, వెంటనే ప్రాణం తీసే గుణాన్ని ప్రధాన కొలమానంగా తీసుకోవడం సమంజసమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వర్గీకరణను ఆమోదించినది 1975లో. అంటే మనం కొంత ముందే ఉన్నాము. ఆ తరువాత ఆ సంస్థ తన హద్దులను 2009లో మార్చుకొన్నది, 2019 సంచికగా మరల జాబితాను ప్రచురించింది. మన త్రికోణం మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

ఎల్.డి. 50 ఒక ప్రశ్నకు మాత్రమే సమాధానం చెప్పగలదు: ఒక్కసారిగా శరీరంలో ప్రవేశిస్తే ఎంత మోతాదు చంపుతుంది? పాతికేళ్ళపాటు ప్రతి పంటకాలంలో పదిసార్లు పిచికారీ చేసే మనిషికి ఏమవుతుందో అది చెప్పదు. కార్బెండజిమ్ 12 శాతం, మాంకోజెబ్ 63 శాతం కలిసిన పొడిమందు వేరుశనగలో ఆకుమచ్చ తెగులుకు, ఇతర పంటలలో పలు శిలీంధ్ర తెగుళ్ళకు మన రైతులకు చిరపరిచితం. ఈ రెండు మందుల ఎల్.డి. 50 విలువలు 5000కు పైనే. మన కొలమానం ప్రకారం ఇవి ఆకుపచ్చ. ఐరోపా సమాఖ్య వర్గీకరణలో కార్బెండజిమ్ జన్యు ఉత్పరివర్తనాలను, ప్రత్యుత్పత్తి హానిని కలిగించే పదార్థంగా నమోదై ఉన్నది. మాంకోజెబ్ విచ్ఛిన్నమైనపుడు ఏర్పడే ఇథిలీన్ థయోయూరియా థైరాయిడ్ గ్రంథిపై ప్రభావం చూపుతుంది. మాంకోజెబ్‌ను సైతం ప్రత్యుత్పత్తికి హానికరమైనదిగా వర్గీకరించి, 2020లో ఐరోపా సమాఖ్య దాని అనుమతిని పునరుద్ధరించలేదు. వీటిని మన దేశంలోనూ నిషేధించాలని నేను అనడం లేదు. మన వాతావరణంలో, మన తెగుళ్ళ ఒత్తిడిలో వాటి ప్రయోజనం వేరు. అది విడిగా చర్చించవలసిన అంశం. నేను అడుగుతున్నది అంతకంటే చిన్న విషయం. విత్తనశుద్ధి కోసం ఆ పొడిని ఒట్టిచేతులతో వేరుశనగ గింజలకు పట్టించే గర్భిణికి ఆ సంగతి తెలిసే మార్గమేది? ఆమె చూసేది ఆకుపచ్చ త్రికోణం.

నీటిలోని జీవులది కూడా ఇదే పరిస్థితి. క్లోరాంట్రానిలిప్రోల్ ఆకుపచ్చ త్రికోణపు మందు. క్షీరదాలకు దాని విషప్రభావం నిజంగానే అతి స్వల్పం. కాండం తొలుచు పురుగుపై దాని పనితనమూ గొప్పదే. అయితే నీటిలో నివసించే వెన్నెముక లేని చిన్న జీవులకు అది అత్యంత విషపూరితం. పట్టుపురుగు కూడా గొంగళిపురుగుల వర్గానికే చెందినది కనుక దానికీ ప్రాణాంతకమే. వరి మళ్ళ మురుగునీరు రొయ్యల చెరువు పక్కగా పారే కృష్ణా, గోదావరి డెల్టాలలోను, టమాట తోటకు ఆనుకొని మల్బరీ తోట ఉండే మదనపల్లె ప్రాంతంలోను ఆ ఆకుపచ్చ రంగు ఇచ్చే అభయం ఎంతవరకు సరైనదో పాఠకులు ఆలోచించాలి. కరపత్రంలో ఈ హెచ్చరిక ఉండవచ్చు. కానీ ఆ కరపత్రం అనేక భాషలలో, అనేక మడతలుగా, సీసా మెడకు రబ్బరు బ్యాండుతో చుట్టి వస్తుంది. పొలం గట్టున దానిని విప్పి చదివిన రైతును నా ముప్పై ఏళ్ళ ఉద్యోగ జీవితంలో వేళ్ళమీద లెక్కించగలను. నేను మాత్రం చదివానా? పరిశోధక విద్యార్థిగా కలుపు మందుల ప్రయోగాలు చేసిన రోజులలో, మోతాదు చూసుకొని మిగతాది చెత్తబుట్టలో వేసిన వాడినే.

ఇక శ్వాస. 19వ నియమంలోని పట్టికలో నోటి ద్వారా, చర్మం ద్వారా కలిగే విషప్రభావానికే స్థానం ఉన్నది. గాలి ద్వారా ఊపిరితిత్తులలోకి చేరే తుంపర రంగును నిర్ణయించదు. చేతిపంపు కాలంలో ఇది పెద్ద లోపంగా కనిపించి ఉండకపోవచ్చు. తైవాన్ పంపు వచ్చిన తరువాత తుంపర మరింత సన్నబడింది. తలకంటే ఎత్తు పెరిగిన పత్తిలో నడుస్తూ కొట్టేవాడు ఆ మంచులోనే ఊపిరి తీసుకొంటాడు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలలో పిచికారీ చేస్తూ విషప్రభావానికి లోనై ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు మరణించారు. పెన్‌గంగ నదికి ఇవతల మన ఆదిలాబాద్. అవే నేలలు, అదే పంట, చాలావరకు అవే మందులు.

నా శాస్త్రశాఖకు దగ్గరైన ఒక ఉదాహరణను కాస్త వివరంగా చెప్పవలసి ఉన్నది. కూలీల కొరత వలన కలుపు మందుల వాడకం పెరిగింది. అందుకు సిఫారసులు చేసిన వారిలో మా శస్యశాస్త్రజ్ఞులమే ముందున్నాము. వాటిలో పారాక్వాట్ ఒకటి. దాని ఎల్.డి. 50 సుమారు 150 మిల్లీగ్రాములు. కనుక పసుపు త్రికోణం. ఇమిడాక్లోప్రిడ్ విలువ సుమారు 450. దానికీ పసుపే. రెండింటిపైనా ఒకే పదం, 'విషం'. కానీ పారాక్వాట్ గాఢ ద్రావణం ఒక గుక్క లోపలికి పోతే, మొదటి రెండు మూడు రోజులు రోగి బాగానే మాట్లాడుతూ ఉండవచ్చు. ఆ తరువాత మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఊపిరితిత్తుల కణజాలం గట్టిపడి పోతుంది. విరుగుడు లేదు. తెలంగాణలో వైద్యులు దీనిని నిషేధించాలని కోరడం వెనుక ఉన్నది ఈ నిస్సహాయతే. ఐరోపాలో 2007 నుండి దీనికి అనుమతి లేదు. కేరళ 2011లో నిషేధించింది.

ఇక్కడ లేబుల్ పాత్ర ఏమిటని అడగవచ్చు. ప్రాణం తీసుకోదలచిన వానిని త్రికోణం ఆపదు కదా అని ఒక సహోద్యోగి నాతో వాదించారు. నిజమే. అయితే రోగితో పాటు ఆసుపత్రికి సీసా కూడా వెళుతుంది, వెళ్ళాలి. ఆర్గానోఫాస్ఫరస్ విషానికి అట్రోపిన్ ఇస్తారు. పారాక్వాట్ విషయంలో, సాధారణంగా ఎవరికైనా మొదట అందించే ప్రాణవాయువే ఊపిరితిత్తుల నష్టాన్ని పెంచుతుంది. తప్పనిసరి అయితేనే ఇస్తారు. మండల కేంద్రంలోని ఆసుపత్రిలో రాత్రివేళ విధులలో ఉన్న యువ వైద్యునికి ఆ తేడా సీసా ముఖంమీదనే, పెద్ద అక్షరాలలో కనిపించాలి. పసుపు త్రికోణం, 'విషం' అన్న మాట ఆయనకు ఏమీ చెప్పవు. కొన్నేళ్ళ క్రితం మా ప్రాంతంలో ఒక కౌలురైతు కుటుంబం, చిరిగి చెమ్మగిల్లిన లేబుల్‌తో ఉన్న సీసాను పట్టుకొని ఆసుపత్రి నుండి నాకు ఫోన్ చేసింది. సీసా రంగు, వాసన అడిగి తెలుసుకొని మందు పేరు చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలు నేటికీ మరవలేను.

అందరూ సూచిస్తున్న ప్రత్యామ్నాయం ఐక్యరాజ్యసమితి రూపొందించిన ప్రపంచ సమన్వయ వర్గీకరణ విధానం, సంక్షిప్తంగా జీ.హెచ్.ఎస్. 1992 రియో సదస్సులో దీనికి బీజం పడింది. తొలి ప్రచురణ 2003లో వెలువడింది. రెండేళ్ళకొకసారి సవరణ పొందుతున్నది. ఇందులో భౌతిక, ఆరోగ్య, పర్యావరణ ప్రమాదాలు మూడింటికీ వేర్వేరు తరగతులు, తొమ్మిది చిత్ర సంకేతాలు ఉన్నాయి. ఐరోపా సమాఖ్య 2008లో దీనిని చట్టంగా తెచ్చుకొని, 2023లో అంతఃస్రావ వ్యవస్థకు భంగం కలిగించే పదార్థాలకు కొత్త తరగతులను చేర్చింది. 2024 సవరణలో లేబుల్‌పై అక్షరాల కనీస పరిమాణాన్ని సైతం నిర్దేశించింది. అమెరికా కార్మిక భద్రతా విభాగం కూడా 2024లోనే తన నియమాలను నవీకరించింది. మన దేశంలో అదే రసాయనం కర్మాగారంలో 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలకు, లారీలో మోటారు వాహనాల నియమాలకు, దుకాణంలో 1971 నియమావళికి లోబడి ఉంటుంది. ఒకే పీపా, మూడు భాషలు మాట్లాడుతుంది.

జీ.హెచ్.ఎస్. వైపు మళ్ళడం అవసరమే. అయితే మూడు చోట్ల తొందరపాటు ప్రమాదమని నా అభిప్రాయం.

ఒకటి, లెక్క. మిశ్రమాల విషప్రభావాన్ని అందులోని క్రియాశీల పదార్థపు శాతాన్ని బట్టి లెక్కించే పద్ధతి ఉన్నది. 24 శాతం పారాక్వాట్ ద్రావణానికి దీనిని అన్వయిస్తే 150ని 100తో గుణించి 24తో భాగించాలి, 625 వస్తుంది. జీ.హెచ్.ఎస్. నోటి విషప్రభావపు హద్దులు 5, 50, 300, 2000, 5000. అంటే 625 నాలుగవ తరగతిలోకి, పుర్రె గుర్తు లేని ఆశ్చర్యార్థక చిహ్నంలోకి జారుతుంది! శ్వాస ద్వారా కలిగే హానిని, ఊపిరితిత్తులపై ప్రభావాన్ని కలిపి చూస్తేనే తీవ్రమైన సంకేతాలు వస్తాయి. మానవ అనుభవాన్ని పరిగణనలోకి తీసుకోవాలని జీ.హెచ్.ఎస్. స్వయంగా చెబుతున్నది. వర్గీకరణ చేసే అధికారి కాలిక్యులేటర్‌తో పాటు మన జిల్లా ఆసుపత్రుల రికార్డులను కూడా బల్లపై ఉంచుకోవాలి.

రెండు, రంగులు. అర్ధ శతాబ్దంలో మన రైతులకు అలవడిన ఒకే ఒక్క లేబుల్ అక్షరాస్యత ఈ నాలుగు రంగులు. జీ.హెచ్.ఎస్.లో రంగుల పట్టీ లేదు. దానిని తీసివేసి, ఛాతీపై నక్షత్రం పగిలిన మనిషి బొమ్మను పెడితే ఎవరికి అర్థమవుతుంది? ప్రపంచ ఆహార సంస్థ, ఆరోగ్య సంస్థల లేబుల్ మార్గదర్శకాలలో రంగు పట్టీకి ఇప్పటికీ స్థానం ఉన్నది. రంగును ఉంచి, దానికి సంకేతాలను చేర్చడమే మనకు తగినది. దీర్ఘకాలిక హాని ఉన్నదని తేలిన ఏ మందుకూ ఆకుపచ్చ ఇవ్వకూడదన్న ఒక్క నిబంధన పెట్టినా సగం గందరగోళం తొలగుతుంది.

మూడు, మాటలు. జీ.హెచ్.ఎస్.లో సంకేత పదాలు రెండే. వాటిలో తీవ్రమైనది మన తెలుగులో 'ప్రమాదం' అవుతుంది. మన నియమాలలో అదే 'ప్రమాదం' మూడవ స్థానంలో, నీలి త్రికోణంపై ఉన్నది. పాత నిల్వలు, కొత్త నిల్వలు ఒకే దుకాణపు అరలో పక్కపక్కన ఉండే రెండు మూడేళ్ళలో ఒకే మాటకు రెండు తీవ్రతలు ఉంటాయి. ఈ సంగతి అనువాదకులకు వదిలేయవలసినది కాదు. ఆ మాటకొస్తే మన భాషలో అసలు చిక్కు 'మందు' అన్న పదంతోనే మొదలవుతుంది. జ్వరానికి వేసుకొనేది మందు, చేనుకు కొట్టేదీ మందే. కలుపు చంపేదీ మందే, ఎరువును కూడా కొన్ని ప్రాంతాలలో మందు అనే అంటారు. నేనూ ఈ వ్యాసమంతటా ఆ మాటనే వాడాను. వేరొకటి వాడితే రైతుకు పరాయిగా వినిపిస్తుంది. 2013లో బీహారులోని సరన్ జిల్లాలో, పురుగుమందు డబ్బాలో ఉంచిన నూనెతో వండిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. అందులో ఉన్నది మోనోక్రోటోఫాస్, ఎర్ర త్రికోణపు మందే. లేబుల్ ఖాళీ డబ్బాపై కూడా మాట్లాడగలగాలి.

పరిశ్రమవర్గాలు చెప్పే అభ్యంతరం ఒకటి గౌరవించదగినది: ప్రమాదకర గుణం వేరు, వాస్తవ ముప్పు వేరు, సిఫారసు చేసిన మోతాదులో, రక్షణ దుస్తులతో వాడితే ముప్పు స్వల్పం, భయపెట్టే లేబుల్ వలన మంచి మందులు కూడా దూరమవుతాయి. శాస్త్రీయంగా ఇది తప్పు కాదు. కానీ 40 డిగ్రీల ఎండలో రబ్బరు చేతితొడుగులు, ముఖకవచం, పూర్తి చొక్కాతో రెండు గంటలు పిచికారీ చేసి చూసినవారు ఎవరూ ఆ షరతును అంత తేలికగా ఉచ్చరించరు. ముప్పును తగ్గించే షరతులు పొలంలో నెరవేరనపుడు, గుణాన్ని దాచకుండా చెప్పడం తప్ప వేరు మార్గం లేదు. ముద్రణ ఖర్చు గురించిన వాదనను నేను పట్టించుకోను.

2008లోను, 2020లోను పార్లమెంటు ముందుకు వచ్చిన పురుగుమందుల నిర్వహణ బిల్లులు చట్టరూపం దాల్చలేదు. ఆ చట్టం కోసం వేచి ఉండనవసరం లేదు. 19వ నియమాన్ని కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా సవరించవచ్చు. మన విశ్వవిద్యాలయాలు దానికోసం సైతం ఆగనక్కర లేదు. మన సిఫారసు పట్టికలలో మందు పేరు, లీటరు నీటికి మోతాదు ఉంటాయి. ప్రమాద వర్గం, చేపలకు, తేనెటీగలకు, పట్టుపురుగులకు హాని, విరుగుడు ఉన్నదీ లేనిదీ తెలిపే అదనపు గడులు చేర్చడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. కృషి విజ్ఞాన కేంద్రాలు కొత్త సంకేతాలను తమ గ్రామాలలో రైతులకు, కూలీలకు చూపి, ఏది ఎలా అర్థమవుతున్నదో నమోదు చేసి కేంద్రానికి పంపగలవు. శాకాహార చిహ్నం సంగతి ఢిల్లీలో కూర్చున్న ఏ సంఘానికీ తట్టదు.

ఈ ఖరీఫ్‌లో మా విభాగపు పరిశోధన క్షేత్రంలో మందుల గది తలుపుపై అటువంటి పట్టిక ఒకటి, తెలుగులో, పెద్ద అక్షరాలతో అంటించాము. రోజుకూలీకి వచ్చే మహిళలకు దానిని చదివి వినిపించాను. వారిలో పెద్దామె అంతా విని, అరలోని ఒక సీసాను చూపి అడిగింది: "ఇది ఇవాళ పొద్దున కొట్టారు కదా అయ్యా, మేం ఆ మడిలో కలుపుకు ఎప్పుడు దిగొచ్చు?" సీసాను తిప్పి తిప్పి చూశాను. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో ఉన్నది. ఆమె అడిగినది లేదు. ఆ రోజు వారిని వేరే మడికి పంపాము.